పరీక్షయు బర్తరఫును

సర్కారు కొలువు కావలెనన్న పరీక్ష వ్రాయవలెననియు, ఆ పరీక్షలో మోసము చేసినవాడు కొలువునుండి బర్తరఫు కావలసినదే యనియు నేడు పల్లెలలో పసివారు సైతము చెప్పగలరు. కాని మోసము చేసినాడని యనుకొనుట వేరు. చేసినాడని తేల్చుట వేరు. ఈ రెంటి నడుమ నున్న దూరమెంత? దానిని మన న్యాయస్థానములు ఏ విధముగా కొలిచినవి? ఆ కొలతలో ఎవరి బ్రతుకులు నిలిచినవి, ఎవరివి కూలినవి? ఈ ప్రశ్నలకు చరిత్ర చెప్పు సమాధానమును మీకు విన్నవించుటయే ఈ ప్రసంగమున నా యుద్దేశము.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పెద్దలకు ఈ విషయము పరాయిది కాదు. టొమేటో ధర పడిపోయిన యేటను, వేరుసెనగ ఎండిపోయిన యేటను గూడ అప్పు తెచ్చి కొడుకునో కూతునో తిరుపతికో హైదరాబాదునకో పరీక్షల చదువునకు పంపిన యిండ్లు ఈ సీమలో నెన్నియో కలవు. ఆ బిడ్డకు న్యాయముగా రావలసిన కొలువును మోసగాడు తన్నుకొనిపోయిన ఆ యింటికి కలుగు నష్టము ఒకటి. ఏ పాపమెరుగని బిడ్డమీద దొంగపరీక్ష వ్రాసినాడను మాట పడిన ఆ యింటికి కలుగు నష్టము మరియొకటి. రెండును సులభముగ కోలుకొనరానివే.

పరీక్షలు లేని కాలము నెరిగినవారు మన గ్రామములలో నిప్పటికిని కొందరున్నారు. 1800 సంవత్సరమున నిజామునుండి కుంఫిణీకి దత్తమైన సీమలో మదనపల్లె చేరినది. అది చిరకాలము కడప జిల్లాలో నుండెను. పుంగనూరు జమీందారీ, కుప్పము కంగుంది జమీందారీలోనిది. ఈ రెండును ఉత్తరార్కాడు జిల్లాకు చెందియుండెను. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు ఈ మూడు సీమలును ఒక కలెక్టరు క్రిందికి వచ్చినవి. పాలనము వేరైనను గ్రామోద్యోగముల తీరు మాత్రము ఇంచుమించు ఒక్కటే. కరణము కొడుకు కరణము. మునసబు కొడుకు మునసబు. జమీందారీ గ్రామముల కొలువులకు 1894 నాటి చట్టమును, రయితువారీ గ్రామాధికారములకు ముఖ్యముగ 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టమును వర్తించెడివి. లెక్క తెలిసినవాడు ఊరిలో నింకొకడున్నను, వంశము గలవానిదే మొదటి హక్కు. దివాణములలోని గుమాస్తాపనులకు పెద్దల సిఫారసే పరీక్ష.

ఈ పద్ధతికి మొదటి గొడ్డలిపెట్టు తెలుగుదేశపు గ్రామమునుండియే తగిలెను. గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలోని పెరవలిపాలెమునకు గ్రామమునసబు నియామకము వచ్చినప్పుడు, పూర్వపు మునసబు వంశమువాడను కారణమున నొకనికి అధికారులు ప్రాధాన్యమిచ్చిరి. గాజుల దశరథరామారావు గారను నతడు సుప్రీముకోర్టువరకు పోయి, రాజ్యాంగము ప్రకారము సర్కారు కొలువున జన్మమును బట్టి భేదము చూపరాదు గదా యని వాదించెను. 1960 డిసెంబరులో ఆ న్యాయస్థానము అతని వాదము నంగీకరించి, 1895 నాటి చట్టములో వంశమునకు ప్రాధాన్యమిచ్చు భాగము చెల్లదని తీర్పు చెప్పెను. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కరణము, మునసబు మొదలైన పదవుల నన్నిటిని ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేసెను. 2019లో గ్రామ, వార్డు సచివాలయములు పెట్టినప్పుడు సుమారు 1,26,000 కొలువులకు పరీక్ష జరుగగా 21 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. తాత కూర్చున్న చావడిలో మనుమడు కూర్చుండవలెనన్నను పరీక్ష దాటియే పోవలసిన కాలము వచ్చినది.

కావున పరీక్ష యనునది బీదవాని బిడ్డకు దొరికిన నిచ్చెన. దానిని మొట్టమొదట గొప్పగ నిర్మించినవారు చీనావారు. వారి దేశమున వేయేండ్లకు మించి పరీక్షల ద్వారముననే అధికారులను ఏరుకొనిరి. అందులో మోసమును వారు రాజద్రోహమువలె నెంచెడివారు. 1858లో పెకింగు నగరమున జరిగిన పరీక్షలో అక్రమము బయటపడగా, దానికి ప్రధానపరీక్షకుడైన బాయ్‌జున్ అను మహామంత్రికే 1859లో శిరచ్ఛేదము విధించిరి. అంత కఠినముగ శిక్షించినను మోసము మానలేదు. 1905లో పరీక్షావిధానమునే ఎత్తివేసిరి. శిక్షయొక్క కాఠిన్యము మాత్రమే పరీక్షను కాపాడజాలదని దీనివలన తెలియుచున్నది.

ఇంగ్లీషువారు మన దేశపు పెద్దకొలువులకు తమ డైరెక్టర్ల బంధుమిత్రులనే పంపుచుండిరి. 1853 నాటి చార్టరు చట్టము ఆ పద్ధతిని తొలగించెను. 1855లో లండనులో మొదటి పోటీపరీక్ష జరిగెను. మద్రాసు రాజధాని ఈ విషయమున నితర రాష్ట్రములకంటె ముందు నడచి, 1929లో చట్టము చేసి సర్వీసు కమీషనును స్థాపించుకొనెను. 1953లో ఆంధ్రరాష్ట్రము వచ్చినప్పుడు ఆంధ్ర సర్వీసు కమీషనును, 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ పబ్లిక్ సర్వీసు కమీషనును ఏర్పడినవి. 2014లో తెలంగాణమునకు వేరు కమీషను వచ్చెను.

పరీక్షతోపాటు అనుమానము కూడ పుట్టినది. దీనికి మన దేశపు తొలి యుదాహరణము సురేంద్రనాథ బెనర్జీగారి కథ. 1869లో లండనులో జరిగిన సివిలు సర్వీసు పరీక్షలో నలుగురు భారతీయులు గెలిచిరి. వారిలో సురేంద్రనాథుడును శ్రీపాద బాబాజీ ఠాకూరును వయస్సు తప్పుగ చెప్పినారని పరీక్షాధికారులు అనుమానించి వారిని జాబితానుండి తొలగించిరి. ఆధారమేమనగా, 1863లో సురేంద్రనాథుడు కలకత్తాలో మెట్రిక్యులేషను పరీక్షకు పోయినప్పుడు తన వయస్సు పదునారు అని వ్రాసియుండెను. ఆ లెక్కన 1869లో ఇరువదియొక్క యేండ్ల హద్దు దాటినట్లే కదా యని వారి వాదము.

ఇందలి పొరపాటు మీకు వెంటనే స్ఫురించియుండును. మనవారు వయస్సు చెప్పునపుడు నిండిన యేండ్లు చెప్పరు. నడుచుచున్న యేడు చెప్పుదురు. పదునారవ యేడు నడుచుచున్న బాలుని పదునారేండ్లవాడనుట మన యాచారము. ఇంగ్లీషువారి లెక్కలో అతనికి పదునైదే. మోసము లేదు, రెండు దేశముల లెక్కలు కలియలేదు, అంతియే. కలకత్తాలోని పెద్దలు ముందుకు వచ్చి హిందువులు వయస్సు లెక్కించు విధమును గూర్చి ప్రమాణపత్రములు వ్రాసియిచ్చిరి. విషయము రాణిగారి న్యాయస్థానమునకు పోయెను. తొలగింపునకు కారణము చెప్పుడని న్యాయాధిపతులు అధికారుల నడుగగా, తుదకు ఇద్దరి పేర్లను జాబితాలో మరల చేర్చిరి. అడుగు న్యాయస్థానము లేకున్నను, సాక్ష్యమిచ్చు పెద్దలు లేకున్నను, ఆ యిరువురును జీవితాంతము మోసగాండ్రుగనే మిగిలియుందురు గదా!

కాని ఆ కథ అంతటితో ముగియలేదు. సురేంద్రనాథుడు 1871లో సిల్హెటులో అసిస్టెంటు మేజిస్ట్రేటుగ చేరెను. కొంతకాలమునకే ఒక కేసులోని ముద్దాయిని పరారీవారి పట్టీలో తప్పుగ చేర్చినాడని అభియోగము వచ్చెను. కాగితముల కట్టలో నొక కాగితముగ గుమాస్తా పెట్టినదానిపై చేవ్రాలు చేసితినని అతడు చెప్పుకొనెను. విచారణ జరిగినది, 1874లో అతనిని బర్తరఫు చేసి, దయతో నెలకు 50 రూపాయల భత్యము మంజూరు చేసిరి. తప్పు చిన్నది, శిక్ష పెద్దది యని దేశమున ననేకులు తలచిరి. కొలువు పోయిన యా మనుష్యుడే తరువాత 1895లోను 1902లోను కాంగ్రెసు మహాసభకు అధ్యక్షుడయ్యెను. అందరును సురేంద్రనాథులు కారు. బర్తరఫు అయిన సామాన్యుడు ఊరికి తిరిగివచ్చి, తలయెత్తలేక బ్రతుకు వెళ్ళబుచ్చును.

ఇట్టి యన్యాయములు జరుగకుండ చట్టము మెల్లగ కంచె కట్టుకొనుచు వచ్చెను. నియమించిన అధికారికంటె తక్కువవాడు బర్తరఫు చేయరాదని 1919 నాటి చట్టము చెప్పెను. సంజాయిషీ చెప్పుకొనుటకు తగిన యవకాశమియ్యవలెనని 1935 నాటి చట్టము చేర్చెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగములో ఇవి 311వ అధికరణముగ నిలిచినవి. అభియోగమేమో తెలుపవలెను, విచారణ జరుపవలెను, అతని మాట వినవలెను. ఆ తరువాతనే బర్తరఫు. క్రిమినలు కోర్టులో శిక్షపడిన వాని విషయము మొదలైన కొన్ని సందర్భములు మాత్రమే దీనికి మినహాయింపు.

విచారణలో ఎంత ఋజువు కావలెను? ఈ ప్రశ్నకు సుప్రీముకోర్టు 1963లో రెండు తీర్పులలో సమాధానము చెప్పెను. మొదటిది మన ఆంధ్రప్రదేశమునకు చెందిన శ్రీరామారావు అను సబుయినస్పెక్టరు కేసు. శాఖావిచారణకు క్రిమినలు కేసులోవలె సందేహమునకు తావులేనంత ఋజువు అక్కరలేదనియు, సాక్ష్యమును తూచుటలో హైకోర్టు అప్పీలుకోర్టువలె ప్రవర్తింపరాదనియు అందు తేల్చిరి. రెండవది గోయెలు అను ఇంజనీరు కేసు. సాక్ష్యమేమియు లేనప్పుడు, ఎంత బలమైనదైనను అనుమానము ఋజువు స్థానమున కూర్చుండరాదని అందు చెప్పిరి. ఈ రెండు తీర్పులును త్రాసులోని రెండు తట్టలవంటివి. మొదటిది లేకున్న దొంగ తప్పించుకొనును. రెండవది లేకున్న దొర దొంగయగును.

అయితే కొలువులో స్థిరపడిన వానికిని, ఇంకను శిక్షణలో నున్న వానికిని భేదము కలదు. 2024లో మహారాష్ట్రములో శిక్షణలో నున్న ఒక ఐ.ఏ.ఎస్. అధికారిణి, తనకు అనుమతింపబడిన పర్యాయములకు మించి పరీక్ష వ్రాయుటకై పేరు మొదలైన వివరములు మార్చినదని కేంద్ర సర్వీసు కమీషను నిర్ణయించి, జూలై 31వ తేదీన ఆమె అభ్యర్థిత్వమును రద్దు చేసెను. సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము శిక్షణాకాలపు నియమముల ననుసరించి ఆమెను కొలువునుండి విడుదల చేసెను. ఆమె ఆరోపణలను కాదనుచు న్యాయస్థానముల నాశ్రయించెను. 1869లో వయస్సు, 2024లో పేరు. అనుమానము దరఖాస్తు కాగితమునుండియే పుట్టుచున్నది. దరఖాస్తులో వ్రాయు ప్రతి యక్షరమును సరిచూచుకొనుడని మన బిడ్డలకు చెప్పుట ఎంత యవసరమో గ్రహింపుడు.

ఇంతవరకు ఒక్కని సంగతి చెప్పితిని. ఇక పరీక్ష మొత్తమే చెడినప్పుడేమి? ఇక్కడ న్యాయము మరియొక త్రోవ త్రొక్కుచున్నది. బీహారులో హంస్వాడి అను పరీక్షాకేంద్రమున 36 మంది విద్యార్థుల జవాబులను చూచి, అక్కడ మూకుమ్మడిగ అక్రమము జరిగినదని తలచి బోర్డువారు ఆ కేంద్రపు పరీక్షనే రద్దు చేసిరి. మమ్ములను విచారింపలేదే యని విద్యార్థులు మొరపెట్టుకొనిరి. 1970లో సుప్రీముకోర్టు చెప్పినదేమనగా, ఇది ఒక్కొక్కని దోషిగ నిర్ణయించుట కాదు. పరీక్ష సరిగ జరిగినదా లేదా యని నిర్ణయించుట. కావున ఒక్కొక్కని పిలిచి విచారింప బనిలేదు. పాలకుండలో విషపుచుక్క పడినదని తెలిసిన, పాలన్నియు పారబోయుదుము గాని ఏ బొట్టు మంచిదని వెదకము గదా!

ఈ న్యాయము సరియైనదే. కాని దీని భారమును మోయువారు నిరపరాధులు. తెలంగాణములో 2023లో జరిగినది దీనికి సాక్ష్యము. 503 గ్రూపు-1 కొలువులకు 3,80,000 మందికి పైగా దరఖాస్తు చేసిరి. 2022 అక్టోబరు 16వ తేదీన ప్రాథమికపరీక్ష జరిగెను. 25,050 మంది తరువాతి పరీక్షకు ఎన్నికైరి. ఇంతలో 2023 మార్చిలో మరియొక సంగతి బయటపడెను. మార్చి 5వ తేదీన జరిగిన అసిస్టెంటు ఇంజనీర్ల పరీక్ష ప్రశ్నపత్రము ముందే అమ్ముడుపోయినదట! కమీషను కార్యాలయములో పనిచేయు ఉద్యోగియు, అక్కడి కంప్యూటరు యంత్రముల వ్యవస్థను చూచువాడును కలిసి రహస్యవిభాగపు కంప్యూటరునుండి పత్రములను తస్కరించిరని పోలీసులు అభియోగము మోపి, ఇద్దరిని అరెస్టు చేసిరి. కమీషనులో పనిచేయుచునే గ్రూపు-1 పరీక్ష వ్రాసినవారును ఉండిరని తెలిసెను. కంచె చేను మేసిన చందము కన్నులకు కట్టినది.

ప్రత్యేకదర్యాప్తు బృందము పని ప్రారంభించినది. దినదినమును క్రొత్తపేర్లు వచ్చినవి. అందు ప్రభుత్వోద్యోగులును ఉండిరి. మార్చి 17వ తేదీన కమీషను గ్రూపు-1 పరీక్షను, మరి రెండు పరీక్షలను రద్దు చేసెను. నిందితులలో అనేకులను ఇకమీదట కమీషను పరీక్ష లేవియు వ్రాయరాదని నిషేధించెను. జూన్ 11వ తేదీన గ్రూపు-1 పరీక్ష మరల జరిగెను. అభ్యర్థుల వ్రేలిముద్రలు తీసికొనలేదను లోపము మొదలైనవానిని బట్టి సెప్టెంబరులో హైకోర్టు దానిని గూడ రద్దు చేసెను. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటనను ఉపసంహరించి 563 కొలువులకు క్రొత్త ప్రకటన చేసిరి. జూన్ 9వ తేదీన ముచ్చటగా మూడవసారి పరీక్ష! 2022లో న్యాయముగ గెలిచినవాడు ఏ తప్పును చేయకయే రెండేండ్లు పోగొట్టుకొనెను. ఆ రెండేండ్లలో తండ్రి చేసిన అప్పునకు వడ్డీ పెరుగుట మాత్రము ఆగలేదు.

ఆంధ్రప్రదేశమున సంగతి మరియొక విధముగ నడచినది. 2018 చివర ప్రకటింపబడిన గ్రూపు-1 కొలువుల పరీక్షలో జవాబుపత్రములను దిద్దిన తీరుపై వివాదము పుట్టెను. మొదట కంప్యూటరు సాయమున దిద్దిన ఫలితములను కాదని, చేతితో దిద్దుడని 2021లో హైకోర్టు ఆజ్ఞాపించెను. 2022లో ఎంపికలు పూర్తియై, ఎన్నికైనవారు కొలువులలో చేరిరి. చేతితో దిద్దుట ఒకమారు గాక రెండుమారులు జరిగినదను ఫిర్యాదుపై, 2024 మార్చి 13వ తేదీన ఒక న్యాయమూర్తి ఆ యెంపికను కొట్టివేసి పరీక్ష మరల జరుపుడనెను. అప్పీలుమీద ధర్మాసనము ఆ తీర్పును నిలిపి, కొలువులో నున్నవారిని అప్పటికి కదలింపలేదు. దిద్దినవారి లోపమునకు వ్రాసినవారు ఎంతవరకు బాధ్యులు? అందరిలోను మోసగాండ్రెవరో ఏరి తీయవచ్చునా? ఈ ప్రశ్నలే ఆ వ్యాజ్యమునకు జీవము.

ఏరి తీయగలిగినంతవరకు ఏరి తీయవలెననియు, ఏరుటకు వీలుకానంతగ చెడినప్పుడు అంతయు రద్దు చేయవలెననియు సుప్రీముకోర్టు అనేక తీర్పులలో చెప్పుచు వచ్చినది. 2025 ఏప్రిలు 3వ తేదీన వంగదేశపు పాఠశాలల కొలువుల విషయమున ఈ సూత్రముయొక్క మిక్కిలి కఠినమైన రూపము కనబడెను. 2016 నాటి యెంపికలో జవాబుపత్రములు నాశనము చేసి, మార్కులు మార్చి, జరిగినదానిని కప్పిపుచ్చినందున 25,753 నియామకములును రద్దయ్యెను. దోషులుగ తేలినవారు తీసికొన్న జీతము తిరిగి యియ్యవలెను. తేలనివారు జీతము తిరిగి యియ్యనక్కరలేదు గాని కొలువు మాత్రము వారికిని దక్కలేదు. కొన్నియేండ్లు పిల్లలకు పాఠము చెప్పిన యుపాధ్యాయుడు, తాను నిర్దోషియే యైనను, బడి విడువవలసి వచ్చెను. దీనికి హేతువు న్యాయస్థానము కాదు. నిజమును ఋజువు చేయగల కాగితములను చెరిపినవాడే హేతువు. సాక్ష్యమును కాల్చినవాడు దోషిని మాత్రమే దాచలేదు. నిర్దోషిని గూడ కాల్చినాడు.

చట్టములు లేకపోలేదు. ప్రశ్నపత్రములు వెల్లడిచేయుటను, పరీక్షలలో అక్రమములను శిక్షించుటకు ఆంధ్రప్రదేశమున 1997లోనే చట్టము చేసిరి. 2024లో వచ్చిన కేంద్రచట్టము, కేంద్రపు పరీక్షలలో అక్రమము చేయువారికి మూడునుండి అయిదేండ్ల వరకు, ముఠాకట్టి చేయువారికి అయిదునుండి పదియేండ్ల వరకు కారాగారమును విధించుచున్నది. అయినను చీనాదేశపు కథ మరువరాదు. శిక్ష భయపెట్టును గాని తాళము వేయదు. ప్రశ్నపత్రము దాచుచోట, జవాబుపత్రము దిద్దుచోట, ఎవడు ఏ గడియలో ముట్టుకొనెనో వ్రాసియుంచు లెక్కయే నిజమైన తాళము. కరణము తన దస్త్రములో దిద్దుబాటునకు తావియ్యకుండ ఏ విధముగ జాగ్రత్తపడెడివాడో మీరెరుగుదురు. ఆ జాగ్రత్తయే కమీషనులకును కావలసినది.

సోదరులారా, ఈ చరిత్రలో నొక మాట మాత్రము మీరు మనస్సున నుంచుకొనిన చాలును. ఒకనిని బర్తరఫు చేయవలెనన్న అతని దోషము తేలవలెను. పరీక్షను కొట్టివేయవలెనన్న పరీక్ష చెడినదని తేలిన చాలును. ఈ రెంటిని కలిపివేసినచోట అన్యాయము పుట్టును. పరీక్ష రద్దయినదని విని, అది వ్రాసిన ప్రతి బిడ్డను దొంగయనుట తప్పు. విచారణ నడుచుచుండగనే ఒక యుద్యోగిని ఊరివారు వెలివేయుట తప్పు. అట్లే మనవాడు, మన కులమువాడు, మన పార్టీవాడు అని ఋజువైన మోసగానిని వెనుకవేసికొని వచ్చుట అంతకంటె పెద్దతప్పు.

మరియొకటి. ప్రశ్నపత్రము అమ్మువాడుండుటకు కారణము కొనువాడుండుటయే. కొలువు ఇప్పింతునని ఇంటికి వచ్చు దళారిని గడపకు బయటనే నిలుపగలవాడు ఆ యింటిపెద్ద యొక్కడే. అమ్మిన పొలము మరల కొనవచ్చును. డబ్బిచ్చి కొన్న కొలువు ఏ దినమున నూడునో తెలియదు, ఊడిననాడు దానితోపాటు పోవు పేరును ఏ ధరకును కొనలేము. వంశమునుబట్టి వచ్చు కొలువులను కాదని, తెలివినిబట్టి వచ్చు కొలువులను మనము కోరి తెచ్చుకొంటిమి. డబ్బునుబట్టి వచ్చు కొలువులకు ద్వారము తెరచితిమా, ఆ పాత కరణీకమే మేలని మన మనుమలు మనలను నిందింతురు.